ప్రదర్శనకు కుక్కను సిద్ధం చేయడం



కుక్కల ప్రదర్శన అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? పెద్ద బంగళాలు, కార్లు, ఒళ్ళో రిబ్బను కట్టిన బొచ్చు కుక్కను కూర్చోబెట్టుకున్న దొరసానులు. "అదంతా కలవారి వేడుకమ్మా, పిల్లల క్యారియర్లు సర్దడానికే మనకు తీరిక లేదు" అనిపిస్తుంది. నేనూ అలా అనుకున్నదాన్నే. కాని ఇవాళ రెండు గదుల ఇళ్ళలో సైతం కుక్కను పెంచుతున్నారు. దాన్ని తెచ్చేది పిల్లలు, నలుగురికీ చూపించి మురిసేది మగవారు, దానికి అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచి, వాకిలి కడిగేది మాత్రం మనం. అందుచేత దాన్ని పోటీలో నిలబెట్టాలన్న ముచ్చట ఇంట్లో ఎవరికి పుట్టినా, ఆ పని చివరకు వచ్చి పడేది వంటింట్లోనే. నా సంగతీ అంతే. మొదటిసారి ఎలా భంగపడ్డానో ముందు చెబుతాను.

మాది హైదరాబాదులో చిన్న ఇల్లు. మా జూలీ లాబ్రడార్ జాతి ఆడకుక్క. రెండు నెలల పిల్లగా తెచ్చాము. రెండేళ్ళు నిండేసరికి నిగనిగలాడుతూ, నిండుగా, చూసినవాళ్ళంతా "ఎంత బాగా పెంచారండీ!" అనేలా తయారైంది. ఆ మెప్పు విని విని మావారికి సరదా పుట్టింది. డిసెంబరులో ఒక ప్రదర్శనకు పేరు ఇచ్చాము. ముందు రోజు తలంటు పోసి, పౌడరు రాసి, మెడకు కొత్త పట్టీ కట్టి తీసుకెళ్ళాము. మా తరగతిలో నాలుగు కుక్కలే ఉన్నాయి. జడ్జి గారు జూలీ తల పట్టుకు చూశారు, నోరు తెరిచి చూశారు, తర్వాత రెండు చేతులూ వీపు మీద నుంచి పక్కలకు జరిపారు. అక్కడ ఆయన చేతులు ఆగిపోయాయి. కాస్త నవ్వి, "మంచి కుక్కే. ఈ కొవ్వు కింద ఎక్కడో ఉంది" అన్నారు. నాలుగింట్లో నాలుగోదిగా నిలబెట్టారు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆయన మీద కోపంగానే ఉంది నాకు.

సంక్రాంతికి మా తమ్ముడు వచ్చాడు. మా పుట్టిల్లు గిద్దలూరు దగ్గర కొమరోలు. అక్కడ మా నాయన ఎడ్లను మేపేవారు, ఇప్పుడు మా తమ్ముడు మేపుతున్నాడు. ఒంగోలు జాతి ఎడ్లు. మా వైపు తిరునాళ్ళలో బండలాగుడు పందేలు మీలో కొందరైనా చూసే ఉంటారు. మీకు తెలుసో లేదో, అక్కడ ఎడ్లను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు. రెండు పళ్ళవి ఒక జోడు, నాలుగు పళ్ళవి ఒక జోడు, ఆరు పళ్ళవి వేరే. కుక్కల ప్రదర్శనలోనూ వయసును బట్టే తరగతులు. కాకపోతే పళ్ళకు బదులు నెలలు లెక్కపెడతారు. నా భంగపాటు విన్న మా తమ్ముడు జూలీని దగ్గరకు పిలిచి, కళ్ళు ఎటో పెట్టి, చెయ్యి మాత్రం దాని పక్కల మీద జరిపాడు. "అక్కా, ఇదేంది? డొక్కల మీద చెయ్యి పెడితే ఎముక తగలడం లేదు. నాయన ఏం చెప్పేవాడు? ఎద్దును కంటితో చూడకూడదు, చేత్తో చూడాల అనేవాడు కదా. ఒళ్ళు చేసిన ఎద్దు బండ లాగుతుందా?" అన్నాడు.

ఆ మాటతో నా కోపం చల్లారింది. జడ్జి గారు చేసిందీ అదే కదా!

కుక్కల ప్రదర్శనకూ పశువుల సంతకూ పోలికేమిటని నవ్వకండి. కుక్కల ప్రదర్శన పుట్టిందే పశువుల ప్రదర్శన పక్కన. 1859 జూన్‌లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో ఏటా జరిగే పశువుల ప్రదర్శనకు తోడుగా కుక్కల పోటీ పెట్టారు. వచ్చినవన్నీ వేటకుక్కలే. నెగ్గినవారికి తుపాకులు బహుమతిగా ఇచ్చారు. అంటే అక్కడ చూసింది అలంకారం కాదు, పనికొచ్చే ఒళ్ళు. మన దేశంలో కెన్నెల్ క్లబ్ 1908లో ఏర్పడింది. ఈనాటికీ జడ్జి చూసేది ఆ పాత పద్ధతిలోనే. ఈ జాతి ఏ పని కోసం పుట్టిందో ఆ పని చేయగల ఒళ్ళు దీనికి ఉందా, లేదా? లాబ్రడార్ నీళ్ళలో ఈది, వేటగాడు కొట్టిన పక్షిని నోట కరిచి తెచ్చే కుక్క. మా జూలీ ఆ రోజుల్లో మేడమెట్లు ఎక్కితేనే ఆయాసపడేది. ఏ పక్షిని తెస్తుంది పాపం?

మా నాయన దీనికి "పదును" అనే మాట వాడేవారు. నేల పదునులో ఉందంటాం కదా, మరీ తడి కాదు, మరీ పొడి కాదు. అలాగే ఎద్దు పదునులో ఉందంటే కొవ్వు పట్టలేదు, చిక్కిపోనూ లేదు, కండ తేరింది, కన్ను కళగా ఉంది అని. ఆ పదును రావడానికి నెలలు పడుతుంది, పోవడానికి వారం చాలు. ముందు రోజు పోసే తలంటుతో వచ్చేది కాదది.

ఇంతకీ చేత్తో చూడడం ఎలా? మీ అరచెయ్యి బోర్లించి, వేళ్ళ కణుపుల మీద రెండో చేతి వేలితో రాయండి. ఎముకలు గరుకుగా, స్పష్టంగా తగులుతాయి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే అది చిక్కిపోయినట్టు. ఇప్పుడు చెయ్యి తిప్పి, అరచేతిలో బొటనవేలి కింద మెత్తగా ఉండేచోట నొక్కండి. పక్కలు అలా ఉంటే కొవ్వు పట్టినట్టు. మళ్ళీ చెయ్యి బోర్లించి, కణుపులు కాక వేళ్ళకు వెనుక పరచుకున్న ఎముకల మీద తడమండి. పలుచటి తోలు కింద ఎముక తెలుస్తూ ఉంటుంది కాని పొడుచుకురాదు. సరైన పదును అదే. తర్వాత కుక్కను నిలబెట్టి పైనుంచి చూస్తే పక్కటెముకల తర్వాత నడుము సన్నబడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. రాజపాళయం, ముధోల్ వంటి మన దేశపు వేటకుక్కల్లో ఒకటి రెండు ఎముకలు కంటికి కనబడినా తప్పు కాదు, వాటి తీరే అంత. బొచ్చు కుక్క విషయంలో మాత్రం కంటిని అసలు నమ్మవద్దు. బొచ్చు కింద ఏముందో చేతికే తెలుస్తుంది.

మా జూలీని తూచితే 38 కిలోలు! ఆడ లాబ్రడార్‌కు 25 నుంచి 32 కిలోలు ఉంటే సరిపోతుంది.

ఎలా పెరిగిందా అని ఒక రోజంతా కాగితం, పెన్సిలు పెట్టుకు కూర్చున్నాను. దాని నోట్లోకి పోయినదల్లా రాశాను. ఈ పని మీరూ చేసి చూడండి, కళ్ళు తిరుగుతాయి. నేను పెట్టే రెండు పూటల భోజనం సరే. పొద్దున కాఫీ తాగుతూ మావారు మేరీ బిస్కట్లు నాలుగు. పిల్లలు బడికి పోతూ ఇడ్లీ ముక్క. పదకొండింటికి అత్తయ్య నేతి చుక్క వేసి పెరుగన్నం ముద్ద. "మూగజీవమమ్మా, అడగలేదు కదా" అంటారావిడ. అది అడగకపోవడమేమిటి, ఆవిడ వంటింట్లోకి అడుగు పెట్టగానే వెనకాలే వెళ్ళి నిలబడుతుంది! సాయంత్రం వాచ్‌మన్ దగ్గర రొట్టె, రాత్రి టీవీ ముందు మళ్ళీ బిస్కట్లు ఆరు. పది మేరీ బిస్కట్లంటే సుమారు 250 కెలోరీలు. 30 కిలోల కుక్కకు రోజు మొత్తానికి కావలసింది దాదాపు 1300. అంటే అయిదో వంతు భోజనం బిస్కట్లలోనే తినేసిందన్నమాట. ఒక్కొక్కరూ పెట్టింది ఒక్కొక్క ముద్దే. అందరి ముద్దలూ కలిసి అయిదారు కిలోలు ఎక్కువయ్యాయి.

అది తిండిపోతని తిట్టడమూ న్యాయం కాదు. 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు లాబ్రడార్లను పరీక్షించి, వాటిలో ఇంచుమించు నాలుగో వంతు కుక్కల్లో ఒక జన్యువులో లోపం ఉందని కనిపెట్టారు. "ఇక చాలు" అని కడుపు చెప్పే కబురు మెదడుకు సరిగా అందదు. అవి ఎంత తిన్నా ఆకలిగానే ఉంటాయి. కనుక ఆ జాలి చూపును చూసి కరిగిపోకండి. 2002లో వెలువడిన మరో పరిశోధన ఇంకా చెప్పుకోదగ్గది. 48 లాబ్రడార్లను పుట్టినప్పటి నుంచి చివరిదాకా గమనించారు. సగం కుక్కలకు, వాటి జోడు కుక్కలు తినేదానికన్నా పాతిక వంతు తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్ళు, ఎక్కువ తిన్నవి 11 ఏళ్ళ చిల్లర బతికాయి. కీళ్ళ నొప్పులూ వాటికి ఆలస్యంగా వచ్చాయి. రెండేళ్ళ ఆయుష్షు! ఈ ముక్క మా అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. కాని మర్నాటి నుంచి పెరుగన్నం ముద్ద నిమ్మకాయంత అయింది, నెయ్యి మానేశారు.

తగ్గించడం కూడా ఒక్కసారిగా పనికిరాదు. వారానికి ఒంటి బరువులో నూటికి ఒకటి, మహా అయితే రెండు వంతులు తగ్గితే చాలు. డాక్టరు గారు లెక్కవేసి చెప్పిన కొలతకు ఒక గ్లాసు నిర్ణయించుకుని, దానితోనే పెట్టాను, చేతి అంచనా మానేశాను. బహుమతిగా బిస్కట్టుకు బదులు పచ్చి క్యారెట్ ముక్క, ఉడికించిన బీన్సు కాయ. దానికి తెలిసింది పెట్టామా లేదా అనేదే, ఎంత పెట్టామన్నది దానికి పట్టదు.

ఇంటి భోజనం పెట్టేవారికి ఒకటి రెండు మాటలు. వట్టి పాలన్నం, వట్టి పెరుగన్నంతో కడుపు నిండుతుంది కాని కండ పట్టదు, బొచ్చుకు కళ రాదు. అలాగని వట్టి మాంసమే పెట్టినా పొరపాటే. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, అందువల్ల ఎదిగే పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోతాయి. ఇది విని కొందరు కాల్షియం సీసాలు సీసాలు పట్టిస్తారు. పెద్ద జాతుల పిల్లలకు అదీ ప్రమాదమే, ఎముకలు అడ్డదిడ్డంగా పెరుగుతాయి. డాక్టరును అడిగి, కొలత ప్రకారం వేయండి. గుడ్డు ఉడకబెట్టే పెట్టాలి. ఉడికిన ఎముక ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటుంది, వద్దు. మన వంటల్లో కనబడని శత్రువు ఉల్లిపాయ. వెల్లుల్లి కూడా. సాంబారన్నం, కూర గిన్నె కడిగిన అన్నం కుక్కకు పెట్టేస్తూంటాం. ఉల్లి కుక్క రక్తకణాలను విరిచేస్తుంది. పాయసంలో కిస్‌మిస్, ద్రాక్షపళ్ళు మూత్రపిండాలకు చేటు. చాక్లెట్టు విషమే. మామిడిపళ్ళ రోజుల్లో టెంకలు దాని కంటపడకుండా పారేయండి. మింగితే ఆపరేషను దాకా పోతుంది.

తిండి తగ్గిస్తే కొవ్వు కరుగుతుంది, కండ మాత్రం నడిస్తేనే వస్తుంది. బరిలో జడ్జి కుక్కను దుడుకు నడకలో అటూ ఇటూ తిప్పించి, వెనకనుంచి, పక్కనుంచి చూస్తారు. భుజం ఎంత చాపుతోంది, వెనక కాలు ఎంత తోస్తోంది అన్నది అక్కడ దాగదు. మొదట పావుగంట నడక, పదిహేను రోజులకోసారి అయిదు నిమిషాలు పెంచుతూ, మూడో నెలకు ముప్పావు గంట చేశాను. నాకూ రెండు కిలోలు తగ్గాయి, అది వేరే సంగతి! ఏడాది, ఏడాదిన్నర నిండని పెద్ద జాతి పిల్లలను మాత్రం సైకిలు వెంట పరుగెత్తించడం, మెట్లు ఎక్కించి దించడం చేయవద్దు. లేత కీళ్ళు చెడతాయి. అన్నం తిన్న వెంటనే పరుగు పెట్టించవద్దు.

మన ఎండల సంగతి మరవకూడదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగర్చడమే దాని విసనకర్ర. రోడ్డు మీద అరచెయ్యి వెనుక భాగం ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. దాని మామూలు వేడే మనకన్నా ఎక్కువ, 101 నుంచి 102.5 డిగ్రీలు. 106 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టు. చల్లని నీళ్ళతో తడిపి, ఫ్యాను కింద పెట్టి, అలాగే ఆస్పత్రికి తీసుకుపోవాలి. మంచు కొండల సెయింట్ బెర్నార్డును తెచ్చి మన మే నెలలో మేడ మీద కట్టేసేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సరదాకైనా ఒక హద్దుండాలి. మన నేలకు సరిపడే కుక్కలు మనకు లేవా? పత్తికొండ దగ్గర పందికోన కుక్కలు కాపలాకు పేరుపడ్డవి. కొల్లేటి వైపు జోనంగి కుక్కలు బాతుల మందలను కాసేవి. రాజపాళయం, ముధోల్ కుక్కలకు 2005లో తపాలా బిళ్ళలే వేశారు. పొట్టి బొచ్చు, సన్నటి నడుము, ఎండకు ఓర్చే ఒళ్ళు.

కొమరోలులో ఇళ్ళముందు రాతిబండలు పరిచి ఉంటాయి. అక్కడి కుక్కల గోళ్ళు ఎవరూ కత్తిరించరు, రాయి మీద నడిచి అవే అరుగుతాయి. మన నునుపు గచ్చుల మీద అరగవు. కుక్క నడుస్తూంటే టిక్కు టిక్కుమని గోళ్ళ చప్పుడు వినబడిందంటే పెరిగాయని గుర్తు. గోరు పెరిగితే వేళ్ళు విచ్చుకుని, పాదం పరచుకుపోయి, నడకే మారిపోతుంది. రెండు మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా చివర కత్తిరించండి. లోపల రక్తనాళం ఉంటుంది, నల్ల గోళ్ళలో అది కనబడదు, అందుకని కొసరు కొసరుగానే. జారే గచ్చు మీద గోనెపట్టా గాని, రబ్బరు చాప గాని వేయండి.

ఇక బొచ్చు. మా తమ్ముడు ఎద్దును గడ్డి చుట్టతో ఎంతసేపు రుద్దుతాడో చూస్తే మీకు తెలుస్తుంది మెరుపు ఎక్కడినుంచి వస్తుందో. సబ్బు మెరుపును తీసేస్తుంది, రుద్దడం తెచ్చిపెడుతుంది. రోజూ పది నిమిషాలు బ్రష్షుతో వెంట్రుక వాలు ప్రకారం దువ్వి, చివర మెత్తని పాత నూలుగుడ్డతో తుడవండి. లాబ్రడార్ వంటి కుక్కలకు ఒంటిమీద సహజంగా ఒక నూనె ఉంటుంది. వారం వారం తలంటితే అది పోయి, బొచ్చు పీచులా అవుతుంది. నెలకొకసారి చాలు. మనం వాడే సబ్బులు దాని చర్మానికి పడవు, కుక్కల షాంపూయే వాడాలి. ప్రదర్శనకు మూడు రోజుల ముందు స్నానం చేయిస్తే, ఆనాటికి నూనె మళ్ళీ ఊరి బొచ్చు సర్దుకుంటుంది. ఇంత చేసినా బొచ్చు పేలగా ఉందంటే కడుపులో పురుగులున్నాయేమో చూపించాలి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి, ఆరు నెలల్లోపు పిల్లకు ఇంకా తరచుగా, డాక్టరు చెప్పిన మందు వేయాలి.

టీకాల మాట వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. ప్రదర్శనలో వందల కుక్కలు ఒకచోట చేరతాయి. డిస్టెంపరు, పార్వో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాల దాకా వరుస టీకాలు పడాలి. మూడు నెలలకు రేబీస్ టీకా, ఆపైన ఏటేటా. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక కుక్కకైనా మనిషికైనా బతుకు దాదాపు లేనట్టే, కాబట్టి దీనిలో ఒక్క నెల కూడా బద్ధకించవద్దు.

ఇప్పుడు నేను చేసిన అసలు పొరపాటు చెప్పాలి. మొదటిది భంగపాటే, ఇది అంతకన్నా పెద్దది.

మే నెలాఖరుకు జూలీ 32 కిలోలకు వచ్చింది. పిల్లల సెలవులకు కొమరోలు వెళుతూ దాన్నీ తీసుకెళ్ళాము. పశువుల కొట్టంలో, చెట్ల కింద హాయిగా తిరిగింది. మా తమ్ముడు చెయ్యి పెట్టి చూసి "ఇప్పుడు దారిలో పడిందక్కా" అన్నాడు. తిరిగి వచ్చిన రెండు వారాలకు అన్నం సగం వదిలేసింది. కాటా మీద నిలబెడితే నాలుగు రోజుల్లో కిలోన్నర తగ్గింది. నేనేం చేశాననుకున్నారు? సంతోషించాను! పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను కూడా. మర్నాడు క్యారెట్ ముక్క చూపిస్తే మొహం తిప్పుకుంది. అత్తయ్యే అన్నారు, "పెరుగన్నం పెడితే కూడా లేవలేదమ్మా, దీనికేదో అయింది" అని. అలక అనుకుని ఇంకో పూట చూశాను. సాయంత్రానికి ముక్కులోంచి నెత్తురు.

పిడుదుల జ్వరమన్నారు డాక్టరు గారు. పిడుదులు, కొన్నిచోట్ల గోమార్లంటారు, చెవి వెనుక, కాలివేళ్ళ సందుల్లో పట్టుకుని ఉండే చిన్న పురుగులు. అవి కుట్టినప్పుడు ఒక సూక్ష్మజీవి రక్తంలోకి చేరుతుంది. ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం, నీరసం, చిగుళ్ళు పాలిపోవడం, రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోవడం. రక్తం పరీక్ష చేసి, డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు రాశారు. "ఇంకా రెండు రోజులు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం" అన్నారు. ఆ నాలుగు రోజులూ నేను కాటాను చూశాను కాని చెయ్యి పెట్టి చూడలేదు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూసినా, చెవుల వేడి తడిమినా తెలిసేది. చిగురు మామూలుగా గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్ళీ రంగు తిరగాలి.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. రోజూ సాయంత్రం దువ్వేటప్పుడే ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా చెయ్యి వేయడం. నోరు తెరిచి పళ్ళు, చిగుళ్ళు, చెవుల లోపల వాసన, చంకలు, వేళ్ళ సందులు, పక్కటెముకలు. పది నిమిషాల పని. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. బరిలో పరాయి మనిషి వచ్చి నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, ఒళ్ళంతా తడుముతాడు. రోజూ అలవాటైన కుక్క బెదరదు, కరవదు, నిలిచిన చోటనే నిలబడుతుంది. పిడుదు కనబడితే సన్నటి చిమ్మటతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా నిటారుగా లాగండి. కిరోసిను పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయవద్దు. ఒంటిమీద ఒకటి కనబడిందంటే గోడ పగుళ్ళలో, గుమ్మాల సందుల్లో అనేకం ఉన్నాయన్నమాట. ఒక ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి ఇల్లు వదిలేస్తే లాభం లేదు, పడుకునే గుడ్డ మరిగే నీళ్ళలో ఉతకాలి, సందులు పూడ్చాలి, నెల నెలా మందు తప్పకూడదు.

ఆ జబ్బుతో జూలీ 27 కిలోలకు పడిపోయింది. బరువు తగ్గించడానికి అంత తిప్పలు పడ్డామా, ఇప్పుడు పెంచడానికి మొదలుపెట్టాం. ఈసారి నూనె, నెయ్యితో కాదు, ఉడికించిన కోడి మాంసం, గుడ్డు, మెల్లగా పెంచిన నడకతో. అక్టోబరుకు 29కి వచ్చింది. వీపు మీద చెయ్యి వేస్తే రెండు పక్కలా కండ గట్టిగా తగిలేది.

డిసెంబరులో మళ్ళీ బరికి వెళ్ళాము. ఈసారి పౌడరు లేదు, కొత్త పట్టీ లేదు. ఇంటి నీళ్ళు, దాని గిన్నె, పడుకునే గుడ్డ, ఒక తడి తువ్వాలు, టీకాల కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. పొద్దున్నే కొద్దిగా తినిపించి, మన వంతు వచ్చేదాకా నీడలో కూర్చోబెట్టాము. కొత్తవారు చేసే పొరపాటేమిటంటే, రెండు గంటల ముందునుంచే కుక్కను నిలబెట్టి, నడిపించి, అలిసిపోయేలా చేస్తారు. ఈసారి జడ్జి వేరే ఆవిడ. ఆవిడ చేతులు జూలీ పక్కల మీద ఆగకుండా నడుము దాకా జారాయి. ఏడింట్లో మూడో స్థానం వచ్చింది. మొదటి రెండింటి భుజాల తీరు మా జూలీకి పుట్టుకతో లేదు. అది ఎంత మేపినా, ఎంత నడిపినా వచ్చేది కాదు, ఒప్పుకోవలసిందే.

ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. పిల్లలు ఆ కార్డును ఫ్రిజ్ మీద అంటించారు. అత్తయ్య ఎన్నడూ లేనిది నన్ను అడిగి మరీ నిమ్మకాయంత పెరుగన్నం ముద్ద పెట్టారు. నేను జూలీని వరండాలో దీపం కింద నిలబెట్టి, ముక్కు నుంచి తోక దాకా చూశాను. ప్రదర్శన మైదానాల్లో గడ్డి ఎక్కువ, ఎక్కడెక్కడి కుక్కలో వస్తాయి, అలసటగా ఉన్నా ఆ రాత్రి ఈ పని మాత్రం మానకండి. ఎడమ చెవి వెనుక ఒకటి, ముందుకాలి వేళ్ళ సందున ఒకటి, రెండు పిడుదులు దొరికాయి.